నెలసరిని వాయిదా వేసే మాత్ర నుంచి మొదలుపెడితే ఆ గ్రాఫ్ అర్థమవుతుంది

ఇంట్లో పెళ్ళో, సత్యనారాయణ వ్రతమో, తిరుపతి ప్రయాణమో పెట్టుకున్నాక క్యాలెండర్ చూసి "అయ్యో, సరిగ్గా అప్పుడే డేట్" అనుకుని మెడికల్ షాపు నుంచి ఒక మాత్ర తెప్పించుకోవడం మన ఇళ్ళల్లో కొత్తేం కాదు. డేట్‌కి మూడు రోజుల ముందు మొదలుపెట్టి రోజూ వేసుకుంటే నెలసరి రాదు, ఆపేసిన రెండు మూడు రోజులకి వచ్చేస్తుంది. అత్తయ్యలకి, పిన్నులకి అందరికీ తెలిసిన సంగతే. కానీ ఆ మాత్ర లోపలికెళ్ళి ఏం చేస్తుందని అడిగి చూడండి. "రక్తాన్ని ఆపుతుంది" అంటారు. ఇంకొందరు "చెడు రక్తం లోపలే ఉండిపోయి తలకెక్కుతుంది" అని భయపెడతారు. రెండూ తప్పే.

మా స్కూల్లో పదో తరగతి ప్రత్యుత్పత్తి పాఠం దగ్గరికి రాగానే సారు పుస్తకం మూసేసి, "ఇది ఇంటి దగ్గర చదువుకోండి, పరీక్షలో పువ్వు బొమ్మ వస్తుంది, అది నేర్చుకుంటే చాలు" అన్నారు. ఇంటర్‌లో జువాలజీ మేడం దాటెయ్యలేదు గానీ, బోర్డు మీద నెలసరి చక్రంలో నాలుగు హార్మోన్లు ఎలా పెరిగి తగ్గుతాయో చూపే నాలుగు గీతల గ్రాఫ్ ఒకటి వేసి, ఎఫ్‌ఎస్‌హెచ్ ఇక్కడ పెరుగును, ఎల్‌హెచ్ ఇక్కడ శిఖరం చేరును, ఈస్ట్రోజెన్ ఇట్లా, ప్రొజెస్టిరాన్ అట్లా అని నోట్సు చెప్పారు. బట్టీ పట్టాను, మార్కులొచ్చాయి, ఒక్క ముక్క అర్థం కాలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఈ మాత్ర సంగతి చదివినప్పుడు గానీ ఆ నాలుగు గీతల చిక్కు విడలేదు. పుస్తకం ఎప్పుడూ మెదడు దగ్గర మొదలుపెట్టి కిందికి దిగుతుంది. నేను కింద నుంచి పైకి వెళ్తాను.

మాత్రలో ఎక్కువగా ఉండేది నోరెథిస్టెరాన్. ఒంట్లో సహజంగా తయారయ్యే ప్రొజెస్టిరాన్‌కి అది నకలు. గర్భసంచి లోపలి గోడకి ఎండోమెట్రియం అనే మెత్తటి పొర ఉంటుంది, బిడ్డ వచ్చి అతుక్కుంటే కావలసిన రక్తనాళాలూ పోషకాలూ అన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్న పొర. దాన్ని నిలబెట్టి ఉంచేది ప్రొజెస్టిరాన్. ఆ హార్మోన్ ఉన్నంతకాలం పొర నిలబడుతుంది, హార్మోన్ పడిపోతే పొర ఊడిపోతుంది. నెలసరి అంటే అంతే. మాత్ర చేసేది, పడిపోబోతున్న పందిరికి పక్క నుంచి ఇంకో గుంజ పాతడం. గుంజ తీసేసిన రెండు మూడు రోజులకి పందిరి కూలుతుంది. పొర ఊడనే లేదు కాబట్టి లోపల రక్తం నిలవ ఉండడమనే మాటే లేదు, ఇక తలకెక్కేదేముంది?

ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఈ మాత్రని చాక్లెట్ కొన్నట్టు కొనుక్కోకూడదు. ఇంతకు ముందు రక్తం గడ్డకట్టిన సమస్య ఉన్నవాళ్ళు, కాలేయ జబ్బు ఉన్నవాళ్ళు, కొన్ని రకాల మైగ్రేన్ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా వేసుకోవద్దు. పైగా డేట్‌కి మూడు రోజుల ముందు మొదలుపెట్టిన మాత్ర గర్భం రాకుండా కాపాడదు, అండం అప్పటికే విడుదలైపోయి ఉంటుంది కదా.

హార్మోన్ పడిపోతే పొర ఎలా ఊడుతుందో ఒకాయన కళ్ళారా చూశాడు. మార్కీ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఆడకోతుల గర్భసంచి పొర ముక్కల్ని తీసి వాటి కంట్లోనే, నల్లగుడ్డు ముందుండే పారదర్శకమైన ఖాళీలో నాటాడు. అక్కడ అవి బతికాయి, నెలనెలా పెరిగాయి, ఊడాయి. కిటికీలోంచి చూసినట్టు చూసి 1940లో రాశాడు: రక్తం కారడానికి ముందు ఆ పొరలో మెలికలు తిరిగి ఉండే చిన్న ధమనులు గట్టిగా ముడుచుకుంటాయి, పై భాగానికి రక్తం అందక అది చనిపోతుంది, తర్వాత నాళాలు వదులైనప్పుడు ఆ చనిపోయిన పొరతో పాటు రక్తం బయటికొస్తుంది. ఇందులో "చెడు" ఎక్కడుంది? నరాల్లో ప్రవహించే రక్తమే, కాస్త పొర ముక్కలూ జిగురూ కలిసి వస్తుంది. మొత్తం రక్తం సగటున 30-40 మిల్లీలీటర్లు, అంటే రెండు మూడు టేబుల్ స్పూన్లు. 80 దాటితే ఎక్కువ పోతున్నట్టు లెక్క, అది నెలనెలా అయితే ఒంట్లో ఐరన్ నిల్వలు ఖాళీ అయిపోతాయి.

ఆ ధమనులు ముడుచుకోవడంలో పాత్ర ఉన్నవి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. ప్రొజెస్టిరాన్ పడిపోగానే పొరలో ఇవి పెరుగుతాయి, గర్భసంచి కండరాన్ని పిండుతాయి. పొత్తికడుపు నొప్పి అదే. మెఫెనమిక్ ఆమ్లం లాంటి మాత్రలు ఈ ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే అడ్డుకుంటాయి. అందుకే నొప్పి ముదిరాక కంటే మొదలవుతుండగానే వేసుకుంటే బాగా పనిచేస్తాయి. "ఓర్చుకో, ఆడపిల్లవి" అనేవాళ్ళకి ఈ ఒక్క వాక్యం చదివి వినిపించండి.

ఇప్పుడు ఒక మెట్టు పైకి. అసలు ప్రొజెస్టిరాన్ ఎక్కణ్ణుంచి వస్తోంది, నెలకోసారి ఎందుకు పడిపోతోంది?

అండాశయంలో (మన పాఠ్యపుస్తకాల్లో స్త్రీబీజకోశం అంటారు) ప్రతి అండం చుట్టూ కణాల గూడు ఒకటి ఉంటుంది, దాని పేరు పుటిక. అండం బయటికి దూకేశాక ఖాళీ అయిన ఆ గూడు వృథాగా పోదు, కొవ్వు నింపుకుని పసుపుపచ్చగా మారి ప్రొజెస్టిరాన్ తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ అవుతుంది. పేరు కార్పస్ లూటియం, లాటిన్‌లో పసుపుపచ్చటి ముద్ద అని అర్థం. నాకైతే పసుపు ముద్ద అనాలనిపిస్తుంది. పూజ మొదట్లో పసుపు ముద్దతో గణపతిని చేసి కూర్చోబెడతాం, అదే పూజ కోసం వేసుకునే మాత్ర, ఒంట్లోని ఈ పసుపు ముద్ద చేసే పనినే చేస్తుంది. సరే, అది పక్కన పెడదాం.

ఈ పసుపు ముద్దకి ఆయుష్షు రాసిపెట్టి ఉంది. సుమారు 12 నుంచి 14 రోజులు. ఎవరూ వచ్చి ఆదుకోకపోతే అది ముడుచుకుపోతుంది, ప్రొజెస్టిరాన్ పడిపోతుంది, పొర ఊడుతుంది. ఆదుకునేది ఎవరంటే పిండం. అండం, శుక్రకణం ఫాలోపియన్ నాళంలో కలిశాక, ఆ పిండం వారం రోజులకి గర్భసంచిలోకి వచ్చి పొరలో కుదురుకుంటూ హెచ్‌సీజీ అనే హార్మోన్ పంపుతుంది. "నేనొచ్చాను, ఫ్యాక్టరీ ఆపకండి" అని దాని అర్థం. పసుపు ముద్ద చావదు, ప్రొజెస్టిరాన్ తగ్గదు, నెలసరి రాదు. "నెల తప్పింది" అంటామే, ఆ రెండు మాటల వెనక జరిగింది ఇది. మూత్రంతో చేసే ప్రెగ్నెన్సీ టెస్ట్ పట్టుకునేది కూడా ఈ హెచ్‌సీజీనే, అందుకే డేట్ దాటకముందే తొందరపడి చూస్తే చాలాసార్లు ఒక్క గీతే కనిపిస్తుంది. గర్భానికి ఎనిమిది పది వారాలు వచ్చేసరికి ప్రొజెస్టిరాన్ తయారీ బాధ్యత మాయ, అంటే జరాయువు తీసుకుంటుంది.

గ్రాఫ్‌లో కుడివైపు సగం అయిపోయినట్టే. ఎడమవైపు సగం కొంచెం చిక్కు, కాబట్టి నెమ్మదిగా వెళ్దాం.

ఆడపిల్ల పుట్టేటప్పటికే ఆమె అండాశయాల్లో 10 నుంచి 20 లక్షల అండాలు ఉంటాయి. కొత్తవి మళ్ళీ తయారవ్వవు. ఈడొచ్చేసరికి మిగిలేవి మూడు నాలుగు లక్షలు, జీవితం మొత్తంలో విడుదలయ్యేవి నాలుగైదు వందలు. మిగతావన్నీ లోపలే రాలిపోతాయి, మామిడి పూతలో కాయ నిలిచేది ఎంతో అంతే. నెలనెలా కొన్ని పుటికలు ఎదగడానికి సిద్ధంగా ఉంటాయి. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్ పంపితే అవి పెరుగుతాయి, పెరుగుతూ ఈస్ట్రోజెన్ వదులుతాయి. ఈస్ట్రోజెన్ రెండు పనులు చేస్తుంది. గర్భసంచి పొరని మళ్ళీ కొత్తగా మందంగా పెంచుతుంది, పైకి మెదడుకి "చాలు, తగ్గించు" అని కబురు పంపుతుంది. మెదడు ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గిస్తుంది. పుటికల్లో పోటీ అప్పుడు మొదలవుతుంది, తక్కువ ఎఫ్‌ఎస్‌హెచ్‌తో కూడా బతకగలిగిన ఒక్కటి నిలబడుతుంది, తక్కినవి ఎండిపోతాయి. కవలలు అరుదుగా పుట్టడానికి కారణం ఈ కరువే.

ఇంతవరకు ఇది ఇంటి మీద వాటర్ ట్యాంకు లెక్క. నీళ్ళు నిండితే ఫ్లోట్ లేస్తుంది, మోటారు ఆగుతుంది. పుస్తకాల్లో దీన్నే రుణాత్మక పునఃచర్య అనో, నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ అనో రాస్తారు. విద్యార్థులు గ్రాఫ్‌లో తికమకపడేది తర్వాతి మలుపులో. గెలిచిన పుటిక బాగా పెద్దదై, ఈస్ట్రోజెన్ ఒక స్థాయి దాటి రెండు రోజుల పాటు అలాగే ఎత్తులో ఉండిపోయిందనుకోండి, మెదడు ప్లేటు ఫిరాయిస్తుంది. అప్పటిదాకా "తగ్గించు" అని వినిపించిన అదే హార్మోన్ ఇప్పుడు "పెంచు" అని వినిపిస్తుంది. ట్యాంకు నిండి పొర్లుతుంటే మోటారు ఫుల్ స్పీడ్ అందుకున్నట్టు. పీయూష గ్రంథి ఎల్‌హెచ్‌ని ఒక్కసారిగా కుమ్మరిస్తుంది, గ్రాఫ్ మధ్యలో గుడి గోపురంలా కనిపించేది అదే. అది మొదలైన ఒకటిన్నర రోజుకి పుటిక పగిలి అండం బయటపడుతుంది. ఖాళీ గూడు పసుపు ముద్ద అవుతుంది. అక్కణ్ణుంచి కథ మీకు తెలుసు.

ఎందుకీ తిరకాసు అంటే, అండం పూర్తిగా పండిందని మెదడుకి తెలిసేది ఎలా? అండాశయంలోకి తొంగి చూసే కన్ను దానికి లేదు. రక్తంలో ఎక్కువ ఈస్ట్రోజెన్ రెండు రోజులు నిలకడగా ఉందంటే పండిన పుటిక ఉన్నట్టే అని లెక్క. అంటే విడుదల ఎప్పుడో నిర్ణయించేది ఒక రకంగా పుటికే, మెదడు సంతకం పెడుతుందంతే.

పీయూష గ్రంథి పైన ఇంకో అధికారి ఉంది, హైపోథాలమస్. అది జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ని ధారగా కాకుండా గంటకో గంటన్నరకో ఒక విడత చొప్పున పంపుతుంది. 1970ల చివర ఎర్నెస్ట్ నోబిల్ బృందం కోతుల మీద చూపించింది ఇదే: ఆ హార్మోన్‌ని గంటకోసారి ఇస్తే అంతా నడుస్తుంది, ఆపకుండా ధారగా ఇస్తే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ రెండూ పడిపోతాయి. సందేశం ఎంతన్నదే కాదు, ఏ లయలో వచ్చిందన్నది కూడా లెక్కే. ఆకలి, నిద్ర, భయం, బరువు అన్నీ హైపోథాలమస్‌కి చేరతాయి. హాస్టల్లో తిండి సరిగ్గా లేక, నాలుగు గంటల నిద్రతో, పరీక్షల టెన్షన్‌తో ఉన్న ఇంటర్ అమ్మాయికి రెండు నెలలు పీరియడ్ రాకపోతే తప్పు ఆమె గర్భసంచిది కాదు, పైన లయ తప్పింది.

ఇక 28, 14 అనే అంకెల సంగతి. మన చదువులు చేసిన పెద్ద హాని ఇక్కడే అని నా అభిప్రాయం. "28 రోజుల చక్రంలో 14వ రోజున అండోత్సర్గం జరుగును" అని రాయిస్తారు, 28 తీసేసి 14 మాత్రం అందరి బుర్రల్లో ఉండిపోతుంది. పెద్దవాళ్ళలో 21 నుంచి 35 రోజుల దాకా మామూలే, ఈడొచ్చిన మొదటి రెండు మూడేళ్ళలో 45 దాకా సాగినా కంగారు అక్కర్లేదు. మరి రోజులు అటూ ఇటూ అయ్యేది ఎక్కడ? పసుపు ముద్ద ఆయుష్షు దాదాపు స్థిరం అని చెప్పుకున్నాం కదా. కాబట్టి ఎక్కువగా సాగేదీ తగ్గేదీ ముందు భాగమే, పుటిక పండడానికి పట్టే కాలమే.

1924లో జపాన్ డాక్టర్ క్యూసాకు ఒగినో పట్టుకున్నది ఇదే. ఆపరేషన్ల సమయంలో అండాశయాల్ని పరిశీలించి, రోగుల తేదీలతో పోల్చి, లెక్క వెనక నుంచి వెయ్యాలని తేల్చాడు. అండం విడుదలయ్యేది గడిచిన నెలసరి తర్వాత ఇన్ని రోజులకి అని కాకుండా, రాబోయే నెలసరికి 12 నుంచి 16 రోజుల ముందు అని. కాబట్టి 35 రోజుల చక్రం ఉన్నావిడకి సుమారు 21వ రోజున, 24 రోజుల ఆవిడకి పదో రోజున. చిక్కేంటంటే, రాబోయే తేదీ వచ్చాక గానీ ఎవరికీ తెలియదు. "సేఫ్ పీరియడ్" నమ్ముకుని మోసపోయేది అందుకే. అండం విడుదలయ్యాక ఒక్క రోజు కూడా పూర్తిగా బతకకపోవచ్చు గానీ శుక్రకణాలు అయిదు రోజుల దాకా కాచుకుని కూర్చోగలవు. ఫోన్లో యాప్ చూపించే గులాబీ రంగు రోజులు కూడా పోయిన నెలల సగటే తప్ప ఈ నెల పుటిక ఏం చేస్తోందో దానికి తెలియదు.

ఈ లెక్క తెలియక సంసారాల్లో గొడవలు కూడా అవుతాయి. పెళ్ళై నాలుగు వారాలైంది, స్కాన్‌లో "ఆరు వారాల గర్భం" అని రాశారు. ఇంకేముంది, అత్తగారి ముఖం మారుతుంది. డాక్టర్లు గర్భాన్ని లెక్కపెట్టేది కలిసిన రోజు నుంచి కాదు, చివరి నెలసరి మొదటి రోజు నుంచి, ఎందుకంటే కచ్చితంగా గుర్తుండే తేదీ అదొక్కటే. 40 వారాల్లో మొదటి రెండు వారాలు కడుపులో ఎవరూ ఉండరు. అంటే నాలుగు వారాల క్రితం పెళ్ళైతే ఆరు వారాలు అనడమే సరైన లెక్క. ఇంత చిన్న విషయం పదో తరగతిలో ఎందుకు చెప్పరో నాకిప్పటికీ అర్థం కాదు.

మొదటి ఏళ్ళలో నెలసరి గాడిన పడకపోవడానికి కారణం కూడా ఆ ప్లేటు ఫిరాయించే ఏర్పాటే. అది కుదురుకోవడానికి సమయం పడుతుంది. అప్పటిదాకా అండం విడుదలవని నెలలు ఉంటాయి, అండం లేదంటే పసుపు ముద్ద లేదు, ప్రొజెస్టిరాన్ లేదు. ఈస్ట్రోజెన్ ఒక్కటే పొరని పెంచుకుంటూ పోతుంది, ఎప్పుడో అది తన బరువుకి తానే ముక్కలుముక్కలుగా ఊడితే రెండు నెలలు రాకుండా ఉండి తర్వాత పది రోజులు ఆగకుండా అవుతుంది.

పీసీఓఎస్‌లోనూ ఇలాంటిదే జరుగుతుంది గానీ దారి వేరు. "గర్భసంచిలో నీటి బుడగలు" అని మనవాళ్ళు చెప్పుకునేది ఇదే, అవి గర్భసంచిలో ఉండవు, నిజానికి బుడగలూ కావు. అండాశయంలో పెరగడం మొదలెట్టి సగంలో ఆగిపోయిన పుటికలు. ఎల్‌హెచ్ ఎక్కువ, ఎఫ్‌ఎస్‌హెచ్ చాలినంత లేదు, చాలామందిలో ఇన్సులిన్ కూడా ఎక్కువై అండాశయం చేత మగ హార్మోన్లు ఎక్కువ తయారుచేయిస్తుంది, దాంతో ఏదీ చివరిదాకా పండదు. బుడగల్ని తీసేయించాలి, కరిగించాలి అని తిరగడం అనవసరం, అవి కారణం కాదు, ఆగిపోయిన పనికి గుర్తు. ఇంకో సంగతి, ఈడొచ్చిన మొదటి ఎనిమిదేళ్ళలో స్కాన్ చూసి పీసీఓఎస్ అని తేల్చకూడదని అంతర్జాతీయ మార్గదర్శకాలే చెప్తున్నాయి, ఆ వయసులో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకీ అలాంటి పుటికలు కనిపిస్తాయి కాబట్టి. పదహారేళ్ళ పిల్లకి స్కాన్ తీసి అదే ముద్ర వేస్తే, ఇంకేమేం లక్షణాలు చూశారని ఒక మాట అడగండి.

గర్భనిరోధక మాత్రలు కూడా ఈ సంభాషణలోకి దూరి పనిచేసేవే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ అట్టలో 28 మాత్రలుంటాయి. 21 హార్మోన్ మాత్రలు, 7 ఐరన్ మాత్రలు. 21 రోజులు బయటి నుంచి హార్మోన్ అందుతుంటే మెదడు "పని జరుగుతోందిలే" అనుకుని ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ తగ్గించేస్తుంది, అండం పండదు. ఐరన్ మాత్రల వారంలో హార్మోన్ ఆగుతుంది కాబట్టి పొర ఊడుతుంది. మళ్ళీ పందిరి గుంజ కథే. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసిన సహేలీ, ఇప్పుడు ప్రభుత్వం ఛాయా పేరుతో ఇస్తున్నది, మాత్రం వేరే రకం. అందులో హార్మోనే లేదు, గర్భసంచి పొరకి ఈస్ట్రోజెన్ మాట సరిగ్గా వినపడకుండా చేస్తుంది.

చివరికి మన రెండు రాష్ట్రాలకి బాగా సంబంధం ఉన్న సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం దేశంలో అందరికంటే ఎక్కువగా కనిపించేది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే. ముప్పై అయిదేళ్ళకే "పిల్లలు పుట్టేశారు, ఇక దానితో పనేముంది, నెలనెలా బాధ తప్పుతుంది" అని తీయించేసుకున్నవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. కొందరికి ఆ ఆపరేషన్ నిజంగా అవసరమే, అది వేరే మాట. కానీ పైనుంచి కిందిదాకా ఇంత చెప్పుకున్నాక ఒకటి గమనించండి, ఈ సంభాషణంతా మెదడుకీ అండాశయానికీ మధ్య, గర్భసంచి దాన్ని వినేదే తప్ప నడిపేది కాదు. గర్భసంచి తీసేసి అండాశయాలు ఉంచితే రక్తం కనిపించదు గానీ చక్రం లోపల తిరుగుతూనే ఉంటుంది, నెలకోసారి రొమ్ములు బరువెక్కడం, చిరాకు వస్తూనే ఉండొచ్చు. రెండు అండాశయాలూ తీసేస్తే మాత్రం ఆ రోజు నుంచే మెనోపాజ్, ఒంట్లో ఆవిర్లు, ఎముకలు గుల్లబారడం పదేళ్ళ ముందే మొదలవుతాయి. ఆపరేషన్ చేయించుకున్న చాలామందిని "అండాశయాలు ఉంచారా, తీసేశారా?" అని అడిగితే తెలియదంటారు. డిశ్చార్జి కాగితంలో రాసి ఉంటుంది, బీరువాలోంచి తీసి ఒకసారి చూడండి.